కాకులకు నోటీసు ఎవరిస్తారు?

మా పట్టణ పురపాలక సంఘం ఛైర్‌పర్సన్ గారికి, పాలకవర్గ సభ్యులకు, కమిషనర్ గారికి, ఇంజినీరింగ్ విభాగం అధికారులకు,



పెద్దచెరువు సుందరీకరణ పేరిట మీరు చేసిన తీర్మానం పత్రికల్లో చదివాను. చదివి ఊరుకోలేక మీ కార్యాలయానికి వచ్చి, గోడకు అంటించిన నక్ష కూడా చూశాను. కట్ట పొడవునా గ్రానైట్ పలకలు, రెండు వైపులా స్టీలు కడ్డీలు, రంగురంగుల దీపాలు, పాటల స్పీకర్లు, పట్టణం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నిలబెట్టిన సెల్ఫీ పాయింటు, ఒక గేటు, గేటు పక్కన టికెట్ కౌంటరు. మత్తడి అవతలున్న వేపలు, కానుగలు, రావి, ఈత చెట్లు ఆ నక్షలో ఎక్కడా లేవు. వాటి చోట ఫుడ్ కోర్టు అని రాసి ఉంది. రావి కింద దశదిన కర్మలు చేసుకునే రేవూ లేదు. ఆ కర్మలను ఊరి బయట కట్టిన వైకుంఠధామం షెడ్డుకు తరలిస్తామని తీర్మానంలో రాశారు. కారణం కూడా రాశారు: సందర్శకులకు ఇబ్బందికరంగా ఉందట.

ఎవరండీ ఆ సందర్శకులు? తెలియకే అడుగుతున్నాను. పొద్దున్నే ఆ కట్ట మీదికి నడకకు వచ్చేవాళ్లున్నారు, బర్రెలను తోలుకొచ్చేవాళ్లున్నారు, వల విదిలించుకునే బెస్తవాళ్లున్నారు, కట్ట మైసమ్మకు దీపం పెట్టిపోయేవాళ్లున్నారు. గుండు గీయించుకున్న కొడుకును వెంటబెట్టుకుని, చేతిలో విస్తరితో రేవుకు దిగేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో సందర్శకులెవరు, ఇబ్బంది పెట్టేవాళ్లెవరు? ఈ లెక్క తీసిందెవరు? తరతరాలుగా చావు స్నానాలు చేసిన రేవును, చావు కంటబడుతోందని ఎత్తేస్తే ఆ చావు ఎటు పోతుంది? మీ ఇళ్లలో ఎవరూ పోలేదా? పోయినప్పుడు మీరు దిగింది ఈ రేవులోకి కాదా?

నా సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే ఇదేదో పర్యావరణ సంఘం వాళ్ల వినతిపత్రం అనుకుని ఫైల్లో పెట్టేస్తారు. ఈ ఊరి బడిలోనే సామాన్యశాస్త్రం చెప్పి రిటైరైన టీచరును. మీలో ఒకరిద్దరికి చెవి మెలిపెట్టి పాఠం చెప్పింది కూడా నేనే. నిరుడు ఆషాఢంలో మా సారు, అంటే నా భర్త, కాలం చేశారు. గుండెపోటు; ఆసుపత్రి దాకా కూడా పోలేదు. ఆ తర్వాత నేను మనిషినై తిరగగలిగానంటే అందులో సగం ఆ కట్టదే. మీ దగ్గర పనికోసం కాదు నేను రాస్తున్నది. ఆ కట్ట ఏం పని చేస్తుందో మీ నక్ష గీసినవారికి తెలిసినట్టు లేదు, అందుకని.

ముందు ఆ షెడ్డు సంగతి. వెళ్లి చూసొచ్చాను. కట్టడం బాగానే ఉంది. నల్లా ఉంది, సిమెంటు బెంచీలున్నాయి, పైన రేకులున్నాయి. చుట్టూ చూపు ఆనినంత మేర చెట్టన్నది లేదు. ట్రీగార్డుల్లో నాలుగు మొక్కలు ఎండిపోతున్నాయి. అక్కడ పోయినవాళ్ల పేరిట పిట్టకు పెట్టమంటున్నారు మీరు. పిట్ట ఎక్కడినుంచి వస్తుంది? ఇకమీదట కర్మలు ఫలానా చోట జరుగుతాయి, అందరూ గమనించగలరు అని కాకులకు నోటీసు ఎవరిస్తారు?

నవ్వులాటకు అనడం లేదు. మూడొద్దుల నాడు మా సారుకు పిట్టకు పెట్టినప్పుడు ఏం జరిగిందో చెబుతాను. మోదుగ విస్తరిలో అన్నం, ఆయనకిష్టమైన చేపల పులుసు, నాలుగు గారెలు పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డాం. రావి కొమ్మ మీద కాకి ఒకటి పక్కకు పక్కకు గెంతుతూ, మెడ వంచి చూస్తూ ఉంది. కిందికి దిగింది, విస్తరి చుట్టూ ఒక చుట్టు తిరిగి మళ్లీ కొమ్మెక్కింది. మా మరిది గొంతు పెంచి, చిన్నదాని చదువు మేం చూసుకుంటాం అన్నా, నువ్వు తిను అన్నాడు. రాలేదు. ఒక్కొక్కరూ తమకు తోచింది చెప్పారు. అంతవరకూ నోరు విప్పని నా చిన్న కూతురు కూడా ఏదో గొణిగింది. చాలాసేపటికి ఆ కాకి దిగి, చేపల పులుసు వైపైనా చూడకుండా గారె ఎత్తుకుపోయింది. డాక్టరు నూనె వద్దన్నాక ఆయన మా కళ్లుగప్పి తిన్నవి గారెలే. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు అందరం నవ్వాం, ఏడ్చాం కూడా. ఆ మూడు రోజుల్లో మా కుటుంబమంతా కలిసి ఒకే దిక్కుకు చూసింది ఆ చెట్టు కొమ్మల్లోకే.

నమ్మకమా, మూఢనమ్మకమా అనే వాదన నాకక్కర్లేదు. కాకిలో మా సారు ఉన్నారని సైన్సు టీచరుగా నేను చెప్పలేను. కానీ లోపల గడ్డకట్టిన మాటలను పైకి అనడానికి మన పెద్దలు ఒక వంక దొరకబుచ్చుకున్నారు. ఆ వంకకు ఒక చెట్టు కావాలి, ఆకలిగొన్న ఒక పిట్ట కావాలి, తొందరపెట్టే మనిషి లేని కాసింత ఆరుబయలు కావాలి. 2023లో వేణు ఎల్దండి తీసిన 'బలగం' సినిమా అంతా ఈ ముద్ద ముట్టని కాకి చుట్టే తిరిగింది కదా. ఊరూరా తెరలు కట్టి చూపిస్తే జనం కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. తెర మీది కాకికి అంత విలువిచ్చి, చెరువు మీది కాకికి కొమ్మ లేకుండా చేయడం మీకు సబబుగానే ఉందా?

ఇక కట్ట విషయం. ఇది ప్రత్యేకంగా పాలకవర్గంలోని అక్కచెల్లెళ్లకు. చట్టం పుణ్యమా అని సగం సీట్లు మీవే. మొగుడు పోయిన ఆడదాని సంగతి మీకు విప్పి చెప్పాలా? పదకొండు రోజులు ఇల్లు కిక్కిరిసి ఉంటుంది. వచ్చిన ప్రతివారికీ ఎలా జరిగిందో మొదటినుంచి చెప్పాలి. చెప్పిందే చెప్పి చెప్పి, అది ఎవరికో జరిగినట్టు అనిపిస్తుంది. పన్నెండో రోజుకు ఇల్లు ఖాళీ. ఏడాది వరకు ఒకరింటికి పోకూడదు. పెళ్లికి పిలవరు, పిలిచినా వెనక వరసలో కూర్చోబెడతారు. ప్రయాణమై గడప దాటేవాళ్లు మనల్ని చూసి మళ్లీ లోపలికి పోయి మంచినీళ్లు తాగి బయల్దేరతారు. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనరు. చదువుకున్నవాళ్లం కదా! కానీ అడుగు వెనక్కి పడుతుంది, అది మనకు కనబడుతుంది.

మరి ఆ మనిషి ఎక్కడికి పోవాలి? గుడికి పోతే గుడిలో మనుషులున్నారు. బజారుకు పోతే బజారులో పలకరింపులున్నాయి. నేను కట్ట మీదికి పోయాను. కట్ట మీద ఎదురొచ్చిన కొంగకు నేను అపశకునం కాదు. మైసమ్మ గద్దె దగ్గర పడుకున్న కుక్క నన్ను చూసి లేచి పోలేదు. ఎలా ఉన్నావని అడిగేవాళ్లు లేరు, ధైర్యంగా ఉండమని చెప్పేవాళ్లు లేరు. ఊళ్లో ఉంటూనే ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని చోటు మాలాంటి వాళ్లకు ఇంకొకటుందా? ఉంటే చూపించండి, టికెట్ పెట్టుకోండి, నేనే మొదటి టికెట్ కొంటాను.

ఆ రోజుల్లో మత్తడి దగ్గర నీళ్ల మీదికి వంగిన ఈత చెట్టు కింద కూర్చునేదాన్ని. మీ నక్షలో అక్కడ పడవలెక్కే జెట్టీ ఉంది. వానలు మొదలయ్యాక ఆ చెట్టు నిండా గిజిగాళ్లు వాలతాయి. మగపిట్టకు ఆ కాలంలో నెత్తి మీద పసుపు టోపీ పెట్టినట్టుంటుంది. అది ఈతాకు అంచును ముక్కుతో కొరికి గంటు పెడుతుంది. ఆ అంచునే కరచుకుని ఎగురుతుంది. ఎగిరిన కొద్దీ ఆకు నిలువునా చీలి పొడుగాటి పోగు ఊడి వస్తుంది. దాన్ని తెచ్చి ఒక్కో ముడీ వేస్తుంది, ముక్కే సూది. గూడు సగమయ్యే సరికి ఆడపిట్టలు చూసిపోవడానికి వస్తాయి. నచ్చితే మిగతా సగం పూర్తి. నచ్చకపోతే ఆ సగం గూడును అలాగే వదిలేసి పక్క కొమ్మకు ఇంకొకటి మొదలుపెడుతుంది. బడిలో ఈ పాఠం ఎన్నో ఏళ్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. తీరిగ్గా కూర్చుని చూసింది మాత్రం అప్పుడే. వదిలేసిన సగం గూళ్లు ఆ చెట్టుకు ఏడాది పొడుగునా వేలాడుతూనే ఉంటాయి, ఎవరూ తీసేయరు.

అది నన్ను ఓదార్చిందని రాయను. ప్రకృతి ఒడిలో సేదతీరడం అంటూ క్యాలెండర్ల మీద అచ్చేసే మాటలంటే నాకు ఒళ్లు మంట. చెట్టూ పుట్టా మన దుఃఖాన్ని పట్టించుకోవు. వాల్మీకికి ఈ సంగతి బాగా తెలుసు. సీత కనబడక రాముడు అరణ్యకాండలో కడిమిని, మారేడును, మద్దిని, అశోకాన్ని పేరుపేరునా అడుగుతాడు. ఒక్కటీ బదులు పలకదు. పంపా సరస్సుకు చేరేసరికి వసంతం. ఆ పూలూ కోయిలలూ ఆయన బాధను చల్లార్చకపోగా ఇంకా ఎగదోస్తాయి. కిష్కింధకాండ మొదలయ్యేదే అక్కడ. అయినా ఆ చెట్లు లేకుంటే ఆయన ఎవర్ని అడిగేవాడు? లక్ష్మణుణ్ని మాత్రం ఎంతసేపని అడుగుతాడు? మనుషులకు ఓపిక అయిపోతుంది. అడిగిందే అడిగితే వదినైనా, మరిదైనా, కన్నకూతురైనా కాసేపటికి ఫోను చూసుకుంటారు. తప్పు వాళ్లది కాదు. చెట్టుకు ఆ విసుగు లేదు, అంతే. నా పక్కన నాతో నిమిత్తం లేకుండా ఒక పని జరుగుతూ ఉంటే, దాన్ని చూస్తూ నేను కూర్చోగలిగాను. ఆయన్ని మరచిపోలేదు, మరచిపోవాలన్న ఆశా లేదు. కూర్చోగలిగాను. ఆ నెలల్లో అదే గొప్ప.

అక్కడ నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు. తల్లి పోయిన ఇంటర్ పిల్లాడొకడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తూము దగ్గర కూర్చుంటాడు. వాడూ నేనూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు, ఒకరికొకరం తెలుసు. 2021 వేసవిలో కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు తమవాళ్లను ప్లాస్టిక్ సంచీలో చుట్టి తీసుకుపోతుంటే దూరంనుంచి చూసినవాళ్లున్నారు. వాళ్లకు పిట్టకు పెట్టే భాగ్యం కూడా దక్కలేదు. నెలలు గడిచాక ఒంటరిగా ఈ నీళ్ల దగ్గరికి వచ్చి, ఏ మంత్రమూ లేకుండా దోసిట్లోకి నీళ్లు తీసుకుని వదిలిపోయినవాళ్లు వాళ్లు. కట్ట వెనక శ్మశానం, దాని పక్కన ఖబరస్తాన్, ఆ పక్కన క్రైస్తవుల సమాధుల తోట. ఎవరు ఆలోచించి పెట్టారో కానీ మూడూ ఈ చెరువు గాలి తగిలే చోటే ఉన్నాయి. షబేబరాత్ రాత్రి, నవంబర్ 2న సమాధుల పండుగ నాడు, సమాధుల దగ్గర దీపాలూ కొవ్వొత్తులూ పెట్టి వచ్చేవాళ్లు తిరుగుదారిలో కట్టెక్కి కాసేపు నిలబడిపోవడం మీరు చూడలేదా? వీళ్లందరినీ కౌంటర్లో ఎంట్రీ అడుగుతారా?

టికెట్ పది రూపాయలేగా అంటారు. పది రూపాయల లెక్క కాదది. కూలికి పోయే మనిషికి పది రూపాయలూ లెక్కే, ఆ మాట అలా ఉంచండి. మీ గేటు పొద్దున ఆరింటికి తీస్తారట. మనిషి పోయిన ఇంట్లో నిద్ర ఎన్నింటికి చెడుతుందో మీకు తెలుసా? మూడింటికి, నాలుగింటికి. ఆ చీకట్లో ఇంటి గోడల మధ్య ఉండలేక కట్ట దాకా వచ్చిన మనిషి, గేటు దగ్గర కాపలాదారుకు ఏమని చెప్పుకోవాలి? లోపలికి వెళ్లాక స్పీకర్లో హుషారు పాట. దాని కింద కూర్చుని తలచుకోమంటారా పోయినవాళ్లను? సంతోషంగా ఉన్నవాళ్లకు ఈ పట్టణంలో చోట్లకు కొదవ లేదు. హోటళ్లున్నాయి, సినిమాహాళ్లున్నాయి, బైపాస్ మీద రిసార్టులున్నాయి. పౌరులంటే ఎప్పుడూ నవ్వుతూ ఫొటో దిగేవాళ్లేనా? ఏడుపు మొహంతో ఉన్నవాడు మీకు పన్ను కట్టడం లేదా?

మీ ఇంజినీర్లు చెప్పే మాట నాకు తెలుసు. మట్టికట్ట మీద పెద్ద చెట్లు ఉండకూడదు, వేరు కుళ్లితే ఆ సందులో నీరు ఊరి కట్ట బలహీనపడుతుంది, గండి పడొచ్చు. నిజమే, ఒప్పుకుంటాను. కట్ట మీద మొలిచిన తుమ్మలను తీసేయండి, నేను అడ్డం రాను. కానీ నేను చెబుతున్న చెట్లు కట్ట మీద లేవు. మత్తడి అవతల, గట్టినేల మీద, రేవు ఒడ్డున ఉన్నాయి. అసలు వేరుకే కట్ట ఆగదనేవారు అదే కట్టను దీపస్తంభాలకూ కడ్డీలకూ గుంతలు పెట్టి ఎలా తవ్వుతారు? ఆ లెక్క ఏ డీఈ గారు చూశారు?

నీటి అంచున నిలువు సిమెంటు గోడ కడతామన్నారు. ఇప్పుడున్నది వాలుగా దిగే బురద అంచు. తుంగ, జమ్ము పెరిగేది అక్కడే. మోకాలి లోతు కూడా లేని ఆ నీళ్లలోనే కొంగలు, ఉల్లంకులు నిలబడి వేటాడుకుంటాయి, బుడుబుంగలు తేలే నాచు మీద గూడు కట్టుకుంటాయి. నిలువు గోడ పడితే అంచులోనే లోతు. దాని మీద కడ్డీ. కొంగ నిలబడలేని చోట తర్పణం వదిలే మనిషి కూడా నిలబడలేడు. తెల్లవార్లూ వెలిగే రంగుదీపాల కింద ఏ పిట్ట నిద్రపోతుంది? నీళ్లున్నాయి కాబట్టి చెరువేనని మీరనొచ్చు. ఈతకొలనులోనూ నీళ్లుంటాయి.

ఇక మీ బాధ్యతలు. మీ చట్టం మీకు చెప్పాల్సి రావడం నాకేమీ సరదా కాదు. అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని 2002 నాటి వాల్టా చట్టం అంటుంది. ఆ రావికి, ఆ వేపలకు అనుమతి ఏ అధికారి, ఏ తేదీన ఇచ్చారు? చెప్పండి. పది హెక్టార్లు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం దాటాక 30 మీటర్ల వరకు కట్టడాలు కూడదని 2012 భవన నిబంధనల్లో ఉంది. మీ ఫుడ్ కోర్టు ఆ గీతకు ఇవతలా, అవతలా? 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికి కేటాయించమంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, బతికించలేకపోతే వార్డు సభ్యులకు పదవీగండమే పెట్టింది. నాటిన మొక్క చస్తే అంత శిక్ష. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా మన తాతల కాలంనుంచి నిలబడ్డ రావిని కొట్టడానికి మాత్రం అందరూ చేతులెత్తి ఏకగ్రీవం! అదే చట్టం వార్డుకు నాలుగు కమిటీలు వేయమంది: యువకులకొకటి, మహిళలకొకటి, వయోవృద్ధులకొకటి, ప్రముఖులకొకటి. ఈ తీర్మానానికి ముందు ఏ వార్డులో ఏ కమిటీని పిలిచి అడిగారు? మా వార్డులో వయోవృద్ధుల కమిటీలో ఎవరున్నారో నాకైతే తెలియదు, బహుశా ఆ కమిటీకీ తెలియదు.

చెరువులు, కుంటలు ప్రకృతి అందరికీ ఇచ్చిన ఉమ్మడి సొత్తని, వాటిని కాపాడాల్సిందేనని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో తేల్చి చెప్పింది. మీరు ఆ సొత్తుకు కాపలాదార్లు. యజమానులు కారు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఈ చెరువులో పూడిక తీయించారు, తూము బాగుచేశారు. ఆ పని చేసినవారికి ఇప్పటికీ దండం పెడతాను. రెండు మంచి వానలకే చెరువు నిండి మత్తడి దుంకిన రోజు ఊరంతా కట్టెక్కింది. ఆ రోజు ఎవరూ టికెట్ అడగలేదు, ఎవరికీ గ్రానైట్ గుర్తు రాలేదు.

మనసు సంగతులకు లెక్కలేముంటాయని తోసిపుచ్చుతారేమోనని ఒక్క విషయం చెబుతాను. రోజర్ ఉల్రిచ్ అనే అమెరికా పరిశోధకుడు 1984లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డులు చూశారు. సగం మంది గదుల కిటికీలోంచి చెట్లు కనబడతాయి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనబడినవాళ్లు కాస్త ముందే ఇంటికి వెళ్లారు, నొప్పికి బలమైన మందులు తక్కువ అడిగారు. చిన్న అధ్యయనమే, దుఃఖం గురించి కూడా కాదు. కానీ చెట్టా, గోడా అన్న ప్రశ్నకు శరీరం దాకా ఒక జవాబుందని దాన్నిబట్టి అర్థమవుతుంది. జపాన్‌లోని ఒత్సుచి అనే ఊళ్లో ఇతారు ససాకి అనే ఆయన, బంధువు చనిపోయిన బాధలో, 2010లో తన తోటలో ఏ తీగా తగిలించని టెలిఫోను పెట్టుకున్నారు. పోయినవాళ్లతో మాట్లాడుకోవడానికి. సముద్రం కనబడే తోట అది. మరుసటి ఏడాది సునామీ ఆ తీరాన్ని ముంచేసింది. అప్పటినుంచి వేల మంది అక్కడికి వచ్చి, ఆ గాజు గదిలో నిలబడి, ఫోను చెవిన పెట్టుకుని మాట్లాడి పోతున్నారు. ఒక్క మనిషి తన పెరట్లో కల్పించగలిగిన చోటును, ఇంత పెద్ద పురపాలక సంఘం కల్పించనక్కర్లేదు, ఉన్నదాన్ని ఊడబెరకకుండా ఉండలేదా?

ఇంకొకటి. భాద్రపద అమావాస్య మనకు పెత్రమాస. పొద్దున పెద్దల పేరున బియ్యం ఇచ్చుకుంటాం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పోయినవాళ్లను తలచుకున్న చేతులతోనే తంగేడు, గునుగు పేర్చి ఈ కట్ట మీదికే తెస్తాం, ఈ నీళ్లలోనే వదులుతాం. ఏడుపుకొక చోటు, పండుగకొక చోటు అని మన ఊళ్లు ఎప్పుడూ విడదీయలేదు. మీ నక్షలో కట్ట వాలు మీది తంగేడు పొదలను 'కలుపు మొక్కలు' అని రాసి, తీసేసి లాన్ వేస్తామన్నారు. తంగేడు ఈ రాష్ట్ర పుష్పమని మీ గదిలో గోడ మీద ఉన్న పోస్టరే చెబుతుంది. తంగేడు పీకేసిన కట్ట మీదికి బతుకమ్మను దేనితో పేర్చుకు రమ్మంటారు? దిగడానికి రేవు లేక, కడ్డీల మీదుగా విసిరేయమంటారా?

డబ్బు ఖర్చు పెట్టాల్సిందే, లేకపోతే నిధులు వెనక్కి పోతాయి అంటే, పెట్టడానికి పనులు లేకనా? రేవు మెట్లు పాకుడు పట్టి ముసలివాళ్లు జారుతున్నారు, వాటిని గరుకు రాళ్లతో సరిచేయండి. పట్టుకోవడానికి ఒక గొలుసు వేయండి. స్నానం చేసిన ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడల చాటు లేదు. చీర అడ్డం పట్టుకుని నిలబడుతున్నాం. మరుగుదొడ్డి లేదు. కట్టెక్కలేని వాళ్లకు వాలు దారి లేదు. రేవు దగ్గర పాములు కనబడేంత వెలుగిచ్చే రెండు దీపాలు చాలు. ఇవన్నీ చేసినా మీ గ్రానైట్ ఖర్చులో ఎంతవుతుందో మీ ఏఈ గారినే లెక్క కట్టమనండి.

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. వచ్చే సాధారణ సమావేశంలో ఈ తీర్మానాన్ని మళ్లీ చర్చకు పెట్టండి. రేవును, మత్తడి అవతలి చెట్లను, కట్ట వాలును నక్షలో ఉన్నవి ఉన్నట్టు చూపించండి. గేటు, టికెట్, స్పీకర్లు తీసేయండి. కర్మలు ఎక్కడ చేసుకోవాలో ఆ ఇంటివాళ్లు తేల్చుకుంటారు, షెడ్డుకు పోవాలనుకున్నవాళ్లు షెడ్డుకే పోతారు. సమావేశానికి ముందు మీలో ఒక్కరైనా, కొబ్బరికాయ కొట్టడానికి కాకుండా, ఎవరింట్లోనో మూడొద్దులు జరుగుతున్న పొద్దున రేవు పక్కన కాసేపు నిలబడండి. ఫొటోగ్రాఫర్‌ను వెంట తేవద్దు.

నాకు విడిగా జవాబు పంపనక్కర్లేదు. నక్ష అంటించిన గోడ మీదే, దాని పక్కన అంటించండి. తెలుగులో రాయండి. మీ ఇంగ్లీషు తీర్మానం పట్టుకుని, ఇందులో మా వలల సంగతి ఏముంది టీచరమ్మా, చదివి చెప్పమని చెరువు వెనక బస్తీ వాళ్లు మా ఇంటికి వస్తున్నారు. వాళ్లకు నేను ఏం చెప్పాలో కూడా అందులోనే రాయండి.

ఇట్లు,
మీ పట్టణవాసి,
రిటైర్డ్ ఉపాధ్యాయురాలు